ఆరో తరగతి పాపకి ఫుట్‌బాల్ స్టడ్స్: ముందు గ్రౌండు చూడండి, తర్వాతే షాపు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: పాప ఈ జూన్‌లో హైస్కూల్లో ఆరో తరగతిలో చేరింది, ఫుట్‌బాల్ టీములో పేరిచ్చింది. పీఈటీ సార్ స్టడ్స్ (సోల్ కింద మొనలుండే ఫుట్‌బాల్ బూట్లు) తెచ్చుకోమన్నారు. హన్మకొండలో మీ స్కూలు గ్రౌండు మొరం నేల, శని ఆదివారాల కోచింగ్ మాత్రం అద్దె టర్ఫ్ మీద, అంటే ప్లాస్టిక్ గడ్డి పరిచిన గ్రౌండు మీద. షాపులో పొడవాటి స్టడ్స్ చూపిస్తున్నారు. ఇంట్లో "ఎదిగే పిల్ల, రెండు సైజులు పెద్దవి తీసుకోండి" అంటున్నారు. తాతగారేమో "మేం ఉత్తికాళ్లతోనే ఆడాం" అంటున్నారు. ఏ కంపెనీవి కొనాలో కూడా అడిగారు. షిన్‌గార్డ్స్ (మోకాలి కింద ముందు ఎముకకి అడ్డంగా పెట్టుకునే పలకలు), స్టాకింగ్స్‌తో కలిపి బడ్జెట్ 2,500.

సూటిగా చెప్తాను. టర్ఫ్ షూస్ కొనండి, స్టడ్స్ కాదు. లేసులున్నవి, మామూలు సింథటిక్ అప్పర్ (బూటు పైభాగం) ఉన్నవి, పాప పాదం కంటే లోపల 8 నుంచి 10 మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువ పొడవున్నవి. పెట్టె మీద, లేసుల కింది నాలుక వెనక చీటీ మీద టీఎఫ్ (టర్ఫ్) అని ఉంటుంది. సార్ స్టడ్స్ అన్నారని కంగారు పడకండి. మన దగ్గర ఫుట్‌బాల్ బూటు ఏదైనా దానికి స్టడ్స్ అనే పేరు. "సార్, గ్రౌండు గట్టిగా ఉంది కదా, టర్ఫ్ షూస్ తెస్తే సరిపోతుందా?" అని ఒక్కసారి అడగండి. పది మంది పీఈటీల్లో తొమ్మిది మంది అదే మంచిదంటారు.

ఎందుకో చెప్తాను. షాపులో మీకు చూపించినవి ఎఫ్‌జీ (ఫర్మ్ గ్రౌండ్) రకం అయుంటాయి. సోల్ కింద పది పన్నెండు గట్టి ప్లాస్టిక్ మొనలు, సెంటీమీటరు అటూ ఇటూ పొడవు. అవి తడి ఆరీ ఆరని పచ్చగడ్డి నేల కోసం చేసినవి. గడ్డిలో మొన దిగబడుతుంది, సోల్ నేలకి ఆనుతుంది, కాలు జారదు. మొరంలో మొన దిగదు. అప్పుడు ఒంటి బరువంతా ఆ పది పన్నెండు మొనల మీదే నిలబడుతుంది. పరుగులో పక్కకి తిరిగినప్పుడల్లా చీలమండ ఊగుతుంది. సోల్ పల్చనిది కాబట్టి మొన ఒత్తిడి నేరుగా అరికాలికి తగులుతుంది. ప్రాక్టీసయ్యాక సాక్సు విప్పించి అరికాలు చూడండి: బొటనవేలి మొదట్లో, మడమ కింద రూపాయి బిళ్లంత ఎర్రటి గుండ్రటి మచ్చలుంటే ఆ బూటు ఆ నేలకి పనికిరాదన్నట్టే. ఇంకో వారం అలాగే ఆడిస్తే అవే బొబ్బలవుతాయి.

టర్ఫ్ షూ సోల్ వేరు. కాకరకాయ తోలులాగా కిందంతా చిన్న చిన్న రబ్బరు బుడిపెలు. బరువు అన్నిటి మీదా పంచుకుంటుంది. చాలా మోడళ్లలో సోల్‌కీ పాదానికీ మధ్య మెత్తటి ఫోమ్ పొర ఒకటి ఉంటుంది. ఎఫ్‌జీ బూట్లలో సాధారణంగా ఆ పొర ఉండదు. గట్టి నేల మీద వారానికి నాలుగైదు రోజులు పరిగెత్తే పదకొండేళ్ల పిల్ల మడమలకి ఆ ఫోమే రక్ష.

ఇక అద్దె టర్ఫ్. అక్కడ గట్టిదనం గొడవ కాదు, పట్టు మరీ ఎక్కువవడం. ప్లాస్టిక్ పోచల మధ్య రబ్బరు గుళికలు, ఇసుక నింపి ఉంటాయి. పొడవు మొనలు, ముఖ్యంగా కత్తిలా పలకగా ఉండే మొనలు, అందులో ఇరుక్కుంటాయి. ఒళ్లు తిరుగుతుంది, పాదం తిరగదు. ఆ మెలిక మోకాలి మీద పడుతుంది. చాలా టర్ఫ్‌ల దగ్గర స్టడ్స్‌తో లోపలికి రానివ్వరు కూడా, పోచలు పీకేస్తాయని. ఏజీ అని టర్ఫ్‌కే ప్రత్యేకంగా పొట్టి మొనలు ఎక్కువ సంఖ్యలో ఉన్న రకం ఉంది. బాగుంటుంది. కాకపోతే పిల్లల సైజుల్లో మన షాపుల్లో దొరకడం తక్కువ, మొరం మీద దానికీ పైన చెప్పిన తంటానే. మీ రెండు నేలలకీ కలిపి ఒకే జత అంటే టీఎఫ్ ఒక్కటే.

పెట్టెల మీద కనిపించే మిగతా అక్షరాల సంగతి. ఎస్‌జీ అంటే మరలతో బిగించే లోహపు మొనలవి, బురద గ్రౌండ్ల కోసం. స్కూలు పిల్లలకి అస్సలు వద్దు. ఐసీ లేదా ఐఎన్ అంటే ఇండోర్ రకం, చదునైన సోల్, మొరం మీద జారుతుంది. ఎఫ్‌జీ పక్కన గీత గీసి ఎంజీ అని రాసి ఉంటే "మల్టీ గ్రౌండ్ అండీ, ఎక్కడైనా ఆడొచ్చు" అంటారు. గడ్డి మీదా టర్ఫ్ మీదా సర్దుకోవచ్చనే దాని అర్థం. గట్టి మొరానికి అది మందు కాదు.

నేల సంగతి తేల్చుకోవడానికి చిన్న పరీక్ష: ఇంటి తాళంచెవి తీసుకెళ్లి గ్రౌండు మధ్యలో, గోల్ ముందు, అంచున, మూడు చోట్ల బొటనవేలితో నొక్కి గుచ్చండి. సెంటీమీటరు దిగితే స్టడ్ కూడా దిగుతుంది. దిగకపోతే స్టడ్స్ దండగ. ఎండాకాలం ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి చూడాలి. ఒక మినహాయింపు కూడా ఇక్కడే చెప్పాలి. స్కూళ్లు తెరిచేదీ వానలు మొదలయ్యేదీ ఒకేసారి. మొరంలో నీళ్లు త్వరగా ఇంకిపోతాయి కాబట్టి మీకు పెద్ద ఇబ్బంది ఉండదు. కానీ గ్రౌండు నల్లరేగడి అయితే కథ మారిపోతుంది. టర్ఫ్ షూ బుడిపెల మధ్య ఆ మట్టి అతుక్కుని ఐదు నిమిషాల్లో సోల్ నున్నటి పెంకులా తయారవుతుంది, అడుగడుక్కీ జారుడే. గుంటూరు వైపో ఆదిలాబాద్ వైపో ఉండి ఇది చదివేవాళ్లు, వానాకాలం కూడా ప్రాక్టీసు ఆపని స్కూలైతే, మొనలు గుండ్రంగా ఉన్న ఎఫ్‌జీ జత కొనుక్కోవడమే సబబు. పలక మొనలు వద్దు. గుండ్రటి మొన మీద పాదం సులువుగా తిరుగుతుంది, మట్టీ తేలిగ్గా రాలుతుంది.

సైజు దగ్గరికొద్దాం. డబ్బులు ఎక్కువగా పోయేది ఇక్కడే.

మనం వాడే యూకే సైజుల్లో ఒక సైజుకీ తర్వాతి సైజుకీ తేడా దాదాపు 8.5 మిల్లీమీటర్లు. "రెండు సైజులు పెద్దవి" అంటే 17 మిల్లీమీటర్లు. మామూలుగా ఉండాల్సిన ఖాళీ దీనికి అదనం, అంటే ముందు రెండున్నర సెంటీమీటర్ల దాకా ఖాళీ. పరిగెత్తి ఆగిన ప్రతిసారీ పాదం ఆ ఖాళీలోకి జారి గోరు గుద్దుకుంటుంది. నెల తిరిగేసరికి బొటనవేలి గోరు నల్లబడుతుంది. వెనక మడమ లేచి పడుతూ తోలు ఒరుసుకుపోతుంది. జారకుండా పిల్లలు లేసులు బిర్రుగా బిగిస్తారు, పాదం పైభాగం మొద్దుబారుతుంది. ఇంకోటి బయటికి కనిపించదు: బూటు వంగాల్సిన చోటు, పాదం వంగే చోటు ఒకటి కాకుండా పోతాయి. దాంతో సోల్ నడుమ పగులుతుంది. ఏడాది వస్తాయని పెద్దవి కొన్న బూట్లు నాలుగు నెలలకే మూలపడేది అందుకే. రెండు జతల సాక్సులు వేసి సర్దడం కూడా పనిచేయదు. చెమటకి సాక్సు మీద సాక్సు జారుతుంది, బొబ్బలు మామూలే.

ఎదుగుదల భయం తీసిపారేసేది కాదు, ఒప్పుకుంటాను. ఈ వయసులో పాదం ఏడాదికి ఒక సైజు అటూ ఇటూ పెరుగుతుంది, కొందరికి ఇంకా వేగంగా. అమ్మాయిలకి ఆ పెరుగుదల అబ్బాయిల కంటే ముందే వచ్చి ముందే నెమ్మదిస్తుంది. ఆ 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ కొంతవరకు దాని కోసమే. మరీ అనుమానంగా ఉంటే 12 దాకా వెళ్లండి, అది దాటొద్దు. చవక జత కొని ఏడాదికి ఒకసారి మార్చడం, ఖరీదైనది పెద్ద సైజులో కొని రెండేళ్లు ఈడ్వడం కంటే అన్ని లెక్కల్లోనూ నయం.

కొలత ఇలా తీసుకోండి. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి కాబట్టి. ఆడేటప్పుడు వేసుకునే స్టాకింగ్సే వేయించండి. గోడకి ఆనించి నేల మీద కాగితం పరచి, మడమ గోడకి తగిలేలా నిలబెట్టండి. కూర్చోబెట్టి కొలవకండి, బరువు పడితేనే పాదం పూర్తిగా సాగుతుంది. పెన్సిల్ నిలువుగా పట్టుకుని అన్నిటికంటే ముందుకొచ్చిన వేలి దగ్గర గీత పెట్టండి. అది బొటనవేలే కావాలని లేదు, చాలామందికి రెండో వేలు పొడవు. రెండు కాళ్లూ కొలిచి పెద్దదాన్ని తీసుకోండి. ఉదాహరణకి 224 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. బూటు లోపలి పొడవు 232 నుంచి 234 ఉండాలి.

బూటు లోపలి పొడవు ఎలా తెలుస్తుందంటారా? అట్టముక్క పట్టుకెళ్లండి. పాత నోట్‌బుక్ అట్టని రెండు వేళ్ల వెడల్పు పట్టీలాగా, పాదం కొలత కంటే 9 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవుతో కత్తిరించండి. రెండు చివర్లూ కొంచెం గుండ్రంగా చేయండి. షాపులో బూటు లోపల ఇన్‌సోల్ (పాదం ఆనే లోపలి పొర) మీద పరిచి మడమ దాకా తోయండి. వంగకుండా సరిగ్గా పడుకుంటే సైజు సరైనది. వంపు తిరిగితే బూటు చిన్నది. ముందుకీ వెనక్కీ 3 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ ఆడితే పెద్దది. ఇన్‌సోల్ ఊడి వచ్చే రకమైతే ఇంకా తేలిక. బయటికి తీసి పాపని దాని మీద నిలబెట్టండి. వేళ్ల ముందు మీ చిటికెనవేలి వెడల్పు కంటే కొంచెం తక్కువ మిగలాలి, పక్కలకి పాదం ఇన్‌సోల్ దాటి పొర్లకూడదు.

చీటీ మీది సెంటీమీటర్ల అంకెని నమ్ముకోకండి. కొన్ని కంపెనీలకి అది పాదం పొడవు, కొన్నిటికి ఇంకో లెక్క. యూకే 4 అని రాసున్న రెండు కంపెనీల జతలు పక్కపక్కన పెడితే తేడా కంటికే తెలుస్తుంది. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకి ఇంకో ఉచ్చు ఉంది. చిన్నపిల్లల యూకే సైజులు 13 దాకా వెళ్లి మళ్లీ 1 నుంచి మొదలవుతాయి. "పిల్లల 3" అని చూసి చంటిపిల్లల చెప్పులంత జత తెప్పించుకున్నవాళ్లు ఉంటారు. జూనియర్ 3నా కాదా చూసుకోండి. అమ్మాయిలకి వేరే మోడల్ వెతకక్కర్లేదు, ఈ వయసుకి జూనియర్ సైజులు ఇద్దరికీ ఒకటే.

షాపులో పాపని "ఎలా ఉంది?" అని అడగకండి. రంగు నచ్చితే కాలు నొక్కుకుపోతున్నా "బాగుంది" అనే అంటుంది. చేయించి చూడండి. వేసుకున్నాక మడమని నేలకి రెండుసార్లు తట్టించి, వెనక్కి కూర్చున్నాక లేసులు కట్టించండి. మునివేళ్ల మీద పదిసార్లు లేవమనండి, మడమ లోపల లేస్తోందేమో వెనక మీ వేలు పెట్టి చూడండి. ఐదారు అడుగులు పరిగెత్తి టక్కున ఆగమనండి. ఆగాక వేళ్లు ముందు తగిలాయా అని అడిగితే ఈ ప్రశ్నకి మాత్రం నిజం చెప్తుంది. చిటికెనవేలి పక్కన అప్పర్ బుడిపెలా పొంగితే బూటు ఇరుకు. అప్పుడు పొడవు పెంచి సర్దకండి, మోడల్ మార్చండి. ముందు వెడల్పు, వెనక సన్నం ఉండే పాదాలు మన పిల్లల్లో చాలామందికి ఉంటాయి. నైకీ మెర్క్యూరియల్ తరహా సన్నటి వేగం బూట్లు వాళ్లకి సుఖమివ్వవు.

తర్వాత బూటుని చేతిలోకి తీసుకుని ముందూ వెనకా పట్టుకుని వంచండి. వేళ్లు మొదలయ్యే చోట వంగాలి. నడుమ విరిగినట్టు వంగితే పక్కన పెట్టేయండి. మడమ వెనక భాగాన్ని బొటనవేలితో నొక్కితే గట్టిగా నిలబడాలి. చెయ్యి లోపల పెట్టి తడిమి చూడండి, కుట్ల గట్లు చేతికి తగిలితే కాలికీ తగులుతాయి. సోల్ అంచు చుట్టూ గోరుతో గీస్తూ పోండి, జిగురు వదిలిన చోట గోరు లోపలికి దిగుతుంది.

కంపెనీ గురించి అడిగారు. నివియా, వెక్టర్ ఎక్స్, కాస్కో లాంటి మన దేశపు కంపెనీల టర్ఫ్ షూస్ వెయ్యి రూపాయల అటూ ఇటూ దొరుకుతాయి. డెకాథ్లాన్‌లో కిప్‌స్టా జూనియర్ జతలు దానికి కాస్త పైన. మీ పాపకి ఇవి చాలు. నైకీ, అడిడాస్ కొనాలనిపిస్తే ఒకటి తెలుసుకోండి. టీవీలో ఆటగాడు వేసుకున్నదీ, అదే రంగులో జూనియర్ సెక్షన్‌లో వేలాడేదీ ఒకే బూటు కాదు. పేరు ఒకటే, మెట్లు వేరు. నైకీలో క్లబ్, అకాడెమీ, ప్రో, ఎలీట్ అని మెట్లుంటాయి. అడుగు మెట్టులో అప్పర్ బిరుసు ప్లాస్టిక్‌లా ఉంటుంది. అంత డబ్బు పెట్టేదే అయితే అకాడెమీ మెట్టు దాకా వెళ్లండి, ఆపైన ఎదిగే కాలికి అనవసరం. లేసులు లేనివీ, సాక్సులా చీలమండ దాకా పట్టేసేవీ వద్దు. తొడగడానికి పిల్లలు కుస్తీ పడతారు, ఆ అల్లిక మొదట చిరుగుతుంది, పాదం ఎత్తుగా ఉన్నవాళ్లకి అసలు దూరదు.

చవక జతల్లో ముందుగా వదిలేది బొటనవేలి దగ్గర జిగురు. దానికి మన బజారు వైద్యం ఉంది: కొన్న రోజే, ఇంకా వేసుకోకముందే, చెప్పులు కుట్టేవారి దగ్గర సోల్ చుట్టూ నైలాన్ దారంతో కుట్టించండి. ఊడాక కుట్టిస్తే జిగురు మధ్యలో దుమ్ము చేరి సరిగా అంటదు. కుట్టు సోల్ పక్క అంచు గుండా పోవాలి, పాదం కిందికి రాకూడదు. అయ్యాక లోపల చెయ్యి పెట్టి ముడులు తగులుతున్నాయేమో చూసి, తగిలితే అక్కడే కొట్టించి చదును చేయించుకోండి. ఒక్క నష్టం, కుట్టిస్తే కంపెనీ మార్చి ఇవ్వదు. అందుకే సైజు తేల్చుకున్నాకే కుట్టు.

బడ్జెట్‌లో మిగిలింది షిన్‌గార్డ్స్‌కీ, మోకాలి కింది దాకా వచ్చే రెండు జతల స్టాకింగ్స్‌కీ పెట్టండి. ఆట నిబంధనల్లో నాలుగోది షిన్‌గార్డ్స్ తప్పనిసరి అంటుంది, స్టాకింగ్ వాటిని పూర్తిగా కప్పాలి. పాదం వంగే చోటికి రెండు వేళ్ల పైన మొదలై మోకాలి చిప్పకి మూడు వేళ్ల కింద ముగిసేది సరైన సైజు. అండర్-14 స్కూల్ గేమ్స్ దాకా వెళ్తే మ్యాచ్ ముందు రిఫరీ ఇవన్నీ చూస్తారు.

తాతగారి మాటలో అబద్ధం లేదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు ఎక్కువమంది ఉత్తికాళ్లతోనే ఫ్రాన్స్‌తో ఆడి 2-1 తేడాతోనే ఓడారు. 1952లో హెల్సింకీలో యుగొస్లావియా చేతిలో 10-1తో ఓడాకే బూట్లు తప్పనిసరయ్యాయి. పాప ఇంటి వెనక మెత్తటి ఇసుకలో ఉత్తికాళ్లతో బంతి తన్నుకుంటే కాలికి బంతి మీద పట్టు తెలుస్తుంది, ఆపకండి. గ్రౌండులో మాత్రం గాజుముక్కలుంటాయి, పక్కవాళ్ల స్టడ్స్ ఉంటాయి.

కొత్త జతతో నేరుగా మ్యాచ్‌కి పంపొద్దు. రెండు మూడు రోజులు ఇంట్లోనే స్టాకింగ్స్‌తో అరగంట చొప్పున తిరగనివ్వండి. మొదటి వారం సగం ప్రాక్టీసు కొత్తవాటితో, సగం పాతవాటితో. మడమ దగ్గర ఒరుసుకునే చోట కాస్త వాజెలిన్ రాయండి. వేడినీళ్లలో నానబెడితే మెత్తబడతాయని వీడియోలుంటాయి, జిగురుతో అతికించిన సింథటిక్ జతకి అది చావుదెబ్బ. అదే కారణంతో కడిగి డాబా మీద ఎండలో పెట్టడం, కారు డిక్కీలో వదిలేయడం కూడా వద్దు. ఆడొచ్చాక మట్టి దులిపి, ఇన్‌సోల్ తీసి, లోపల న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి, ఫ్యాను కింద ఆరబెట్టండి. వానాకాలం తడిస్తే గంట తర్వాత పేపర్ మార్చాలి. స్కూలు బస్సుకీ తార్రోడ్డుకీ చెప్పులు వేయించండి, సోల్‌ని అరగదీసేది రోడ్డే.

మడమ నొప్పి అంటే బద్ధకమనుకోకండి. 8 నుంచి 14 ఏళ్ల మధ్య, మడమ ఎముక ఎదిగే చోట ఒత్తిడి పడి వచ్చే నొప్పి ఒకటుంది, సెవర్స్ అంటారు. గట్టి నేల, పల్చటి సోల్ దాన్ని పెంచుతాయి. మడమని రెండు పక్కల నుంచి బొటనవేలూ చూపుడువేలితో నొక్కితే "అమ్మో" అంటే, ఆట తగ్గించి ఎముకల డాక్టరుకో ఫిజియోకో చూపించండి. అరికాలు చదునుగా ఉందని మాత్రం, నొప్పి ఏమీ లేనప్పుడు, ప్రత్యేక ఇన్‌సోల్స్ కొనక్కర్లేదు.

రెండు నెలలకోసారి, పాప నిలబడి ఉండగా బూటు ముందు నొక్కి చూడండి, అట్టముక్క మళ్లీ కత్తిరించి కొలవండి. ఖాళీ 4 మిల్లీమీటర్ల లోపుకొస్తే జత ఎంత కొత్తగా కనిపించినా మార్చాల్సిందే. పాతది తమ్ముడికో చుట్టాల పిల్లలకో ఇచ్చే ముందు చదునైన బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడండి. మడమ ఒక పక్కకి ఒరిగి ఉంటే ఇవ్వకండి, ఆ వంపు తర్వాత వేసుకునే పిల్లల కాలికీ అంటుకుంటుంది. నిటారుగా ఉంటే ఇన్‌సోల్ ఒక్కటి కొత్తది వేసి ఇచ్చేయొచ్చు.